శునకములకు ఆజ్ఞాపదములు: భాషాభేదము, విధిరూపము

భాష మనుష్యుల నడుమ వ్యవహారమునకై ఏర్పడినది. అయినను మనుష్యుడు దానిని మనుష్యులకే పరిమితము చేసికొనలేదు. ఎద్దును అదలించుటకును, కోడిని పిలుచుటకును, ఏనుగును నడపుటకును, కుక్కను నిలుపుటకును మాటనే వాడుచున్నాడు. ఇట్టి మాటలకు వ్యాకరణములలో చోటు తక్కువ. నిఘంటువులు కొన్నింటిని గ్రహించినవి, పెక్కింటిని విడిచినవి. భాషాశాస్త్రజ్ఞులును వీనిని చాలకాలము భాషకు వెలుపలి వస్తువులుగనే చూచిరి.

నేడు తెలుగు ఇండ్లలో ఒక విశేషము కనవచ్చును. యజమాని కుక్కను తెలుగున ముద్దుచేయును, తెలుగుననే మందలించును. కాని దానిని కూర్చుండబెట్టవలసి వచ్చినప్పుడు "సిట్" అనును. పిలువవలసినప్పుడు "కం" అనును. ఆపవలసినప్పుడు "స్టే" అనును. ఇది కేవలము ఆంగ్లముపై మోజు అని పలువురు తలతురు. మోజు లేకపోలేదు. కాని దానితోబాటు ఒక భాషాకారణము కూడ కలదు. అది తెలుగు విధిక్రియ స్వరూపములోనే ఇమిడియున్నది. ఆ కారణమును వివరించుటయు, వివిధభాషలలోని ఆజ్ఞాపదములతో పోల్చి దానిని పరిశీలించుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. ప్రాచీన సాక్ష్యము

కుక్కను ఉద్దేశించిన విధివాక్యములు భారతీయ వాఙ్మయమునకు క్రొత్తవి కావు. ఋగ్వేదము సప్తమ మండలమున 55వ సూక్తమున సారమేయుని సంబోధించిన మంత్రములు కలవు. దొంగను చూచి మొరుగుమనియు, ఇంద్రుని స్తుతించువారిని చూచి ఏల మొరుగుదువనియు, నిదురింపుమనియు అందు చెప్పబడినది. అచ్చట వాడబడిన క్రియలు లోట్టుతో కూడిన సంపూర్ణ విధిరూపములు. మనుష్యునితో మాటాడుటకును కుక్కతో మాటాడుటకును అందు వ్యాకరణభేదము లేదు. ఋషి పలుకు ఆజ్ఞ ఒక వాక్యము. కర్మయు కారణమును అందు చేరియున్నవి.

దీనికి భిన్నమైన మార్గము కబీరు సాఖీలలో ఒకదానియందు కానవచ్చును. అందు భక్తుడు తన్ను రాముని కుక్కగా భావించుకొనును. ప్రభువు చేరబిలిచిన వచ్చెదననియు, తరిమిన తొలగెదననియు చెప్పుకొనును. అచ్చట పిలుపునకు "తో తో" అనియు, తరుముటకు "దురి దురి" అనియు ధ్వనులే వాడబడినవి. రమ్ము, పొమ్ము అను క్రియలు అందు లేవు. ఉత్తరభారతమున నేటికిని కుక్కను పిలుచుటకు "తూ తూ" అనుటయు, తరుముటకు "దుర్ దుర్" అనుటయు కలదు.

ఈ రెండు సాక్ష్యములును రెండు తెరగుల ఆజ్ఞలను చూపుచున్నవి. మొదటిది క్రియాపదమైన ఆజ్ఞ. రెండవది ధ్వనిమాత్రమైన ఆజ్ఞ. జంతుసంబోధనమును పరిశీలించునప్పుడు ఈ విభాగము మొదట చేసికొనవలసియున్నది.

2. ధ్వన్యాజ్ఞలు

తెలుగున కుక్కను ఒకరిపైకి పురికొల్పుటకు వాడు ధ్వని "ఉస్కో". దీనికి సంబంధించినదే "ఉసికొలుపు" అను క్రియ. కొలుపు అనగా కలిగించు, పూన్చు అని అర్థము. "పురికొలుపు" అనుచోటను అదియే కలదు. "ఉసి" అనునది పురికొల్పునప్పటి ధ్వనికి అనుకరణము. నేడు పత్రికలు ఒక వర్గమును వేరొక వర్గముపైకి ఉసిగొల్పుటను గూర్చి వ్రాయునప్పుడు, ఆ పదమున కుక్క దాగియున్నదని పాఠకులు స్మరింపరు. ధ్వని క్రియయై, క్రియ లాక్షణికమై, లక్షణము రూఢియైనది.

ఇట్టి పరిణామమే హిందీయందును కలదు. "దుత్" అను ధ్వనినుండి "దుత్‌కార్‌నా" అను క్రియ పుట్టినది. కసరి తరుముట అని దాని యర్థము. పెదవులతో చేయు ముద్దుధ్వనియైన "పుచ్" నుండి "పుచ్‌కార్‌నా" పుట్టినది. జంతువునుగాని శిశువునుగాని బుజ్జగించుట దాని యర్థము. ధ్వనికి "కార" చేర్చి క్రియలు కల్పించు పద్ధతి సంస్కృతమునుండి వచ్చినదే. అనుకరణశబ్దములకు కృఞ్ ధాతువుతోడి సంబంధమును పాణిని ప్రత్యేకముగ సూత్రించెను. తెలుగున "ఛీకొట్టు" అనునదియు, "చప్పరించు" అనునదియు ఈ కోవలోనివే.

కుక్కను ఉసిగొల్పు ధ్వనులను వివిధ భారతీయభాషలలో పోల్చిచూచిన ఒక సామ్యము స్ఫురించును. తమిళమున "సూ" అందురు. కన్నడమున "ఛూ" అందురు. హిందీయందును "ఛూ" అనుట కలదు. తెలుగు "ఉసి" యందు వర్ణక్రమము మారినది గాని, ఊష్మవర్ణమును ఉకారమును అందును కలవు. ఈ భాషలు ఒకే కుటుంబమునకు చెందినవి కావు. కనుక ఈ సామ్యమును జన్యజనకసంబంధముచే వివరించుట కష్టము. 1956లో భారతదేశమును ఒక భాషామండలముగ నిరూపించిన ఎమెనో పండితుడు 1969లో అనుకరణశబ్దములనే విషయముగ గైకొని, అవి ద్రావిడార్యభాషలకు ఉమ్మడి సొత్తని సోదాహరణముగ చూపెను. జంతుసంబోధన ధ్వనులును ఆ పరిశీలనమునకు లోనుగావలసినవి.

ధ్వన్యాజ్ఞలకు మరియొక లక్షణము కలదు. భాషయొక్క వర్ణసమామ్నాయమునకు లోబడని ధ్వనులు ఇందు వాడబడును. నాలుకను పండ్లకు తగిలించి గాలిని లోనికి పీల్చుచు చేయు చప్పుడు తెలుగున వర్ణము కాదు. దానితో ఏ పదమును ఏర్పడదు. కాని విచారమును సూచించుటకు "ప్చ్" అనునప్పుడును, ఎద్దులను తోలునప్పుడును అట్టి చప్పుళ్లే వినబడును. దక్షిణాఫ్రికాలోని జూలూ, ఖోసా భాషలలో ఇట్టి ధ్వనులు వర్ణములై పదములందు నిలిచినవి. మొరాకోలోని ఒక బెర్బరు తెగవారు పెంపుడు జంతువులను పిలుచు విధములను జేమ్సు బైనన్ 1976లో ప్రకటించిన వ్యాసమున వర్ణించెను. జంతువుతో మాటాడు మనుష్యుడు తన భాష యొక్క వర్ణమర్యాదను దాటుట ఏ ఒక్క జాతికో పరిమితము కాదని అట్టి పరిశీలనములవలన తెలియుచున్నది.

3. క్రియాజ్ఞలు: ఇతరదేశముల యాచారము

పోలీసుకుక్కలకు క్రమబద్ధమైన శిక్షణము 1899లో బెల్జియములోని గెంట్ నగరమున ఆరంభమైనది. ఆ సంవత్సరముననే జర్మనీలో గొర్రెలకాపరి కుక్కజాతిని సంస్కరించుటకై ఒక సంఘము స్థాపింపబడెను. 1910లో కోన్రాడ్ మోస్టు శునకశిక్షణమును గూర్చి జర్మనుభాషలో గ్రంథమును ప్రకటించెను. ఈ ప్రయత్నముల ఫలితముగ జర్మను ఆజ్ఞాపదములు దేశాంతరములకు వ్యాపించినవి. కూర్చుండుటకు "జిట్స్", పండుకొనుటకు "ప్లాట్స్", ప్రక్కన నడచుటకు "ఫూస్", విడిచిపెట్టుటకు "ఔస్", వెదకుటకు "జూఖ్", దగ్గరకు వచ్చుటకు "హీర్" అని వాడుదురు.

ఈ పదములు చాలవరకు క్రియలు కావు. "ప్లాట్స్" అనగా చోటు. "ఫూస్" అనగా పాదము. "ఔస్" అనగా వెలుపలికి. "హీర్" అనగా ఇచ్చట. అనగా పురుషవచనభేదముచే రూపము మారని నామములును అవ్యయములును ఆజ్ఞలుగ ఎన్నుకొనబడినవి. ఫ్రెంచివారు "అసీ" అనునప్పుడు కూర్చున్న అను విశేషణమును, "కూషే" అనునప్పుడు పండుకొన్న అను విశేషణమును, "ఓ ప్యే" అనునప్పుడు పాదమువద్ద అను పదబంధమును వాడుచున్నారు. విధిక్రియ యొక్క రూపభేదమును తప్పించుకొనుట ఈ రెండు భాషలందును కానవచ్చుచున్నది.

బ్రిటనులో గొర్రెలకాపరులు మందను చుట్టిరమ్మని కుక్కకు రెండు వేర్వేరు ఆజ్ఞలిత్తురు. ప్రదక్షిణముగ తిరుగుటకు "కం బై" అనియు, అప్రదక్షిణముగ తిరుగుటకు "అవే టు మి" అనియు పలుకుదురు. ఈ పదబంధములకు వాచ్యార్థమునుబట్టి దిక్కు తెలియదు, సంకేతమునుబట్టియే తెలియును. దూరమున నున్న కుక్కకు ఈ ఆజ్ఞలనే ఈలగ మార్చి యిత్తురు. ఉత్తరమెరికాలో మంచుబండ్లను లాగు కుక్కలకు కుడికి "జీ" అనియు ఎడమకు "హా" అనియు చెప్పుదురు. ఇవి ఎద్దులను గుఱ్ఱములను తోలువారి మాటలు. తెలుగు రైతు కాడి యెద్దులను వలపటిది, దాపటిది అని వేరుచేయుటలో ఉన్న దిగ్భేదావశ్యకతయే ఇందును కలదు. బండిని నడపుటకు సంబంధించిన "మష్" అను మాట కెనడాలోని ఫ్రెంచివారి "మార్ష్", అనగా నడువుము, అను మాట యొక్క అపభ్రంశము. ఆజ్ఞాపదము ఒక భాషనుండి మరియొక భాషకు అర్థము పోగొట్టుకొనియు ప్రయోజనము పోగొట్టుకొనకుండ ప్రయాణము చేయగలదని ఇది నిరూపించుచున్నది.

4. కుక్క వినునది ఏమి?

ఆజ్ఞాపదమును ఎన్నుకొనుటకు ముందు, శ్రోతయైన కుక్క దానిలో దేనిని గ్రహించుచున్నదో తెలిసికొనవలెను. గడచిన కొన్ని దశాబ్దులలో ఈ విషయమున చెప్పుకోదగిన పరిశోధనలు జరిగినవి.

2004లో జర్మనీ పరిశోధకులు "రికో" అను కుక్క రెండువందలకు పైగా వస్తువుల పేర్లను గుర్తించుచున్నదని ప్రకటించిరి. 2011లో అమెరికాలో "చేజర్" అను కుక్క 1022 వస్తువుల పేర్లు నేర్చినట్లు ప్రకటింపబడెను. చేజర్ వస్తునామమును, ఆజ్ఞాక్రియను వేర్వేరుగ గ్రహించి, రెంటిని కలిపి చెప్పినను తగినట్లు వర్తించెను. ఈ రెండును సామాన్యమైన కుక్కలు కావు. అయినను పదమునకును వస్తువునకును గల సంబంధమును ఆ జాతి నేర్వగలదనుటకు ఇవి ప్రమాణములు.

పదములోని వర్ణముల సంగతి కొంత జటిలమైనది. 2005లో ఇంగ్లాండులో జరిగిన ఒక పరిశోధనయందు, నేర్చిన ఆజ్ఞలోని ఒక వర్ణమును మార్చి పలికినచో కుక్కల విధేయత తగ్గినది. 2020లో హంగెరీ పరిశోధకులు కుక్కల తలపై విద్యుద్గ్రాహకముల నుంచి మెదడులోని స్పందనమును కొలిచిరి. తెలిసిన ఆజ్ఞాపదమునకును, దానికి మిక్కిలి భిన్నమైన నిరర్థక శబ్దమునకును కుక్క మెదడు భేదము చూపినది. కాని ఆజ్ఞతో ఒక్క వర్ణముననే భేదించు నిరర్థక శబ్దమునకు అట్టి స్పష్టమైన భేదము చూపలేదు. ఈ రెండు ఫలితములను కలిపి చూచినచో, ఏకవర్ణభేదముపై ఆధారపడి రెండు ఆజ్ఞలను వేరుచేయుట క్షేమము కాదని తేలుచున్నది.

స్వరవిషయమున ప్యాట్రీషియా మెకానెల్ చేసిన పరిశీలనము ముఖ్యము. ఆమె వివిధభాషలు మాటాడు శిక్షకుల పిలుపులను ధ్వనిముద్రణము చేసి పోల్చెను. జంతువును కదలించుటకు పొట్టిధ్వనులను మరలమరల పలుకుటయు, నిలుపుటకు ఒక్క నిడుపైన ధ్వనిని పలుకుటయు భాషాభేదము లేక కానవచ్చినవి. కుక్కపిల్లలపై చేసిన ప్రయోగమునను మరలమరల వచ్చు పొట్టిధ్వనులు కదలికను పెంచినవి. "ఉస్కో ఉస్కో" అను తెలుగు పిలుపును, "తూ తూ" అను హిందీ పిలుపును ఈ సూత్రమునకు చక్కగ లోబడుచున్నవి.

భాషను భాషగా కుక్క గుర్తించునా యను ప్రశ్నకు బుడాపెష్టులోని విశ్వవిద్యాలయమువారు 2022లో సమాధానమిచ్చిరి. 18 కుక్కలకు ఒకే కథను స్పానిషున, హంగేరియనున వినిపించి మెదడును చిత్రించిరి. పరిచితభాషకును అపరిచితభాషకును మెదడులో కలుగు స్పందనము భిన్నముగ నుండెను. వయస్సు మీరిన కుక్కలలో ఈ భేదము మరింత స్పష్టమైనది. ఏండ్ల తరబడి ఒకే భాష నడుమ పెరిగిన కుక్కకు ఆ భాష నాదము పరిచితమగుచున్నదని దీనివలన ఊహింపవచ్చును. అది భాషార్థము నెఱుగునని మాత్రము దీనివలన సిద్ధింపదు.

5. విధిరూపబాహుళ్యము

కుక్కకు ఒక ఆజ్ఞ అనగా ఒక శబ్దరూపము. ఆ రూపము ఇంటిలో ప్రతివాని నోటను ఒకేవిధముగ పలుకబడవలెను. కాని మన భాషలలో విధిక్రియ యొక్క స్వభావము దీనికి విరుద్ధము.

హిందీయందు "బైఠ్", "బైఠో", "బైఠియే" అని గౌరవభేదమునుబట్టి మూడు రూపములు. బంగాళీయందు "బోశ్", "బోశో", "బోశున్" అని మూడు. తమిళమున "ఉట్కార్", "ఉట్కారుంగళ్" అని రెండు. కుక్కకు గౌరవవచనము వాడువారు అరుదే యైనను, ముద్దుచేయునప్పుడు "బైఠో" అనుటయు, కసరునప్పుడు "బైఠ్" అనుటయు సహజము. వక్త మనస్సులోని భావము విధిరూపమున ప్రవేశించును. కుక్కకు అది వేరొక శబ్దమగును.

తెలుగున ఈ బాహుళ్యము మరింత హెచ్చు. కూర్చుండుమను ఒక్క ఆజ్ఞకే కూర్చో, కూచో, కూకో, కూసో అని మాండలికరూపములు కలవు. ఒక ఇంటిలో కోడలు ఒక సీమనుండియు, అత్త మరియొక సీమనుండియు వచ్చినప్పుడు, పిల్లలు బడిలో మూడవరూపము నేర్చినప్పుడు, కుక్క ఒకే పనికి మూడు పదములు వినును. మనుమని మాట విని అవ్వ మాట వినని కుక్క అవ్వను అలక్ష్యము చేయుటలేదు. అవ్వ చెప్పిన పదము దానికి తెలియదు.

దీనికి తోడు తెలుగువారు సన్నిహితునితో మాటాడునప్పుడు విధిక్రియకు రా, వే అను ఆమంత్రణప్రత్యయములను చేర్తురు. "కూర్చోరా", "ఆగరా", "పోరా" అందురు. ఇందు ఒక చిక్కు కలదు. వచ్చు ధాతువునకు విధిరూపము ధాతుభేదముచే "రా" యగును. కుక్క మొదట నేర్చు ఆజ్ఞ సామాన్యముగ ఇదియే. అట్టి కుక్కతో "కూర్చోరా" అన్నప్పుడు వాక్యాంతమున దానికి వినవచ్చునది "రా". కూర్చుండవలెనో రావలెనో దానికి తెలియదు. "పోరా" అనునది మరింత విచిత్రము: పొమ్మనుటయు రమ్మనుటయు ఒక్క మాటలో జరిగినవి. మనుష్యునికి ఈ "రా" ప్రత్యయమని స్థానమునుబట్టియు సందర్భమునుబట్టియు తెలియును. కుక్కకు వ్యాకరణము లేదు.

ఈ సమస్య జపానువారికిని ఎదురైనది. జపానుభాషయందు స్త్రీపురుషుల వాడుకనుబట్టియు, మాండలికమునుబట్టియు, గౌరవమునుబట్టియు విధిరూపములు మారును. అందువలన అచ్చట అంధులకు దారిచూపు కుక్కలకు ఆంగ్లపదములతో ఆజ్ఞలిచ్చుట ఆచారమైనది. శిక్షకుడు పురుషుడైనను, తరువాత కుక్కను పొందినది స్త్రీయైనను "సిట్" అనునది "సిట్"గనే నిలుచును. ఇచ్చట ఆంగ్లము గౌరవభాషగ రాలేదు. రూపము మారని పదముల సంచిగ వచ్చినది.

తెలుగు ఇండ్లలో "సిట్" స్థిరపడుటకును ఇదియే ఒక ముఖ్యకారణమని చెప్పవచ్చును. అరువుపదమునకు మాండలికభేదము లేదు; దానికి రా, వే చేరుట అరుదు; నిత్యసంభాషణమున అది తరచుగ దొరలదు. "రా", "పో" అను మాటలు దినమున పలుమార్లు ఇంటిలో ఒకరితో ఒకరు అనుకొనునవి. వానిని కుక్క నిత్యము వినుచు, తనకు కావని నేర్చుకొనును. అట్లు నేర్చిన మీదట తనకైనప్పుడును లెక్కచేయదు.

6. తెలుగు ఆజ్ఞల ఎంపిక

అయినచో తెలుగు ఆజ్ఞలకు పనికిరాదా? అట్లనుట సరికాదు. విధిరూపముల బాహుళ్యమునుండి ఒక్కదానిని ఎన్నుకొని నియతముగ వాడినచో ఏ భాషయైనను సరిపోవును. తెలుగున ఎన్నుకొనునప్పుడు గమనింపవలసిన అంశములు కొన్ని కలవు.

మొదటిది, ఏకవర్ణభేదము గల జంటలను విడువవలెను. లెమ్మనుటకు "లే", తెమ్మనుటకు "తే" అను రెండును ఒకే ఆజ్ఞామాలయందు ఉండరాదు. "పట్టు", "పెట్టు" అనునవియు అట్టివే. తెమ్మనుటకు "పట్రా" అను వాడుకరూపము మేలైనది. దాని చివర "రా" ఉన్నను బాధలేదు. తెచ్చు కుక్క రావలసినదే కదా.

రెండవది, ఆదియందు సామ్యము గల విరుద్ధార్థకములు ప్రమాదకరములు. "వద్దు" అనునది నిషేధము. "వదులు" అనునది నోటిలోని వస్తువును విడువుమను ఆజ్ఞ. రెంటికిని మొదటి భాగము దాదాపు ఒకటియే. విడిచిపెట్టుటకు "విడు" అను ప్రాచీనరూపమును వాడినచో చిక్కు కొంత తీరును. అది తమిళకన్నడములలోని "విడు", "బిడు" అను రూపములకు సోదరము. సరిహద్దుజిల్లాలలో శిక్షణపొందిన కుక్కలకును వినికిడిలో సన్నిహితమైనది.

మూడవది, అంత్యసామ్యము. తెలుగున స్థితిని తెలుపు ఆజ్ఞలు ఆత్మార్థకమైన కొను ధాతువుతో చేరి "ఓ"కారాంతములగును. కూకో, పడుకో, ఊరుకో అను మూడును "కో" అనియే ముగియును. కుక్క మొదటి భాగమును వినకపోయినచో మూడును ఒకటే. పండుకొనుటకు "పడుకో" ఉంచినచో, కూర్చుండుటకు "కూర్చో" అను చకారరూపమును గ్రహించుట యుక్తము.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది. తెలంగాణమున కూర్చుండుమనుటకు "కూసో" అందురు. పైబడుమనుటకు "ఉస్కో" అందురు. ఈ రెండింటియందును ఉన్నవి కకారము, సకారము, ఉవర్ణము, ఓకారము మాత్రమే. క్రమము మాత్రము వేరు. కాపలాకుక్కకు ఈ రెండు మాటలను నేర్పిన ఇంట, గాలివాటున సగము వినబడిన "కూసో" యను మాట వాకిట నిలిచిన పోస్టుమాను ప్రాణము మీదికి రావచ్చును. అట్టిచోట కూర్చుండుమనుటకు వేరొక రూపమును గ్రహించుట, లేక "ఉస్కో" యను మాటను కుక్కకు ఎన్నడును నేర్పకుండుట మేలు. రెండవదియే శ్రేయస్కరము.

ఈ నియమములనుబట్టి రా, ఆగు, కూర్చో, పడుకో, విడు, పట్రా అను ఆరు పదములు ఒక ఇంటికి చాలును. పడుకో, పట్రా అను రెండును పకారముతో మొదలగునవి; తక్కినవి ఆదివర్ణములందు స్పష్టముగ భిన్నములు. "ఆగు" అనుదానిలోని దీర్ఘమును లాగి పలుకుటకు వీలుండుటచే, నిలుపుటకు నిడుపుధ్వని తగునను సూత్రమునకును అది అనుకూలము. ఆజ్ఞకు ముందు కుక్కపేరు పలికినచో, ఆ తరువాతి మాట దానికై ఉద్దేశింపబడినదని దానికి తెలియును. చేతి సంజ్ఞను జోడించినచో మరింత మేలు.

7. భాషాంతరీకరణము

ఒక భాషలో శిక్షణపొందిన జంతువు వేరొక భాషవారి చేతికి వచ్చినప్పుడు రెండు మార్గములు కలవు. మనుష్యుడు జంతువుయొక్క భాషను నేర్చుట ఒకటి. జంతువునకు క్రొత్త పదములను నేర్పుట రెండవది.

అమెరికాలో పోలీసుకుక్కలకు జర్మను, డచ్చి, చెక్కుభాషలలో ఆజ్ఞలిచ్చుటకు కారణము నేరస్థులకు అర్థము కాకుండుటకే యని లోకమున ఒక వాడుక కలదు. వాస్తవమునకు ఆ కుక్కలు ఆయా దేశములలో శిక్షణపొంది వచ్చుటయే ప్రధానకారణము. నేర్చిన పదములను మార్చుటకంటె అధికారి ఒక పది పదములు నేర్చుట సులభము. అపరిచితుడు సరియైన పదమునే పలికినను, శిక్షితమైన కుక్క తన పాలకుని స్వరమునకే లోబడును.

మన దేశమున ఏనుగుల విషయమున ఈ మార్గమే కనబడుచున్నది. ఏనుగుతో పనిచేయు మావటి దాని ఆజ్ఞలను తాను నేర్చును. 2025లో కర్ణాటకము ఆంధ్రప్రదేశమునకు నాలుగు శిక్షితగజములను ఇచ్చినప్పుడు ఇచ్చటి మావటులు ముందుగా అచ్చటి శిబిరమునకు పోయి శిక్షణము పొందిరి.

రెండవ మార్గమును అనుసరింపదలచినచో క్రమమును పాటింపవలెను. క్రొత్త పదమును ముందు పలికి, క్షణము ఆగి, పాత పదమును పలుకవలెను. కొన్నాళ్లకు కుక్క క్రొత్త పదము వినినంతనే పాత పదమునకై వేచియుండక పని చేయును. అప్పుడు పాత పదమును విడువవచ్చును. ఈ క్రమమును తారుమారు చేసి పాత పదమును ముందు పలికినచో, కుక్క దానికే లోబడి, తరువాతి పదమును వినవలసిన పనిలేక ఉపేక్షించును. ఈ విధముగ తమిళ మెఱిగిన రాజపాళెయపు కుక్కకైనను, కన్నడ మెఱిగిన ముధోలు వేటకుక్కకైనను తెలుగు నేర్పవచ్చును. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచిన జొనంగికుక్క దేశాంతరమునకు పోయినను అచ్చటి భాష దానికి అలవడును.

8. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన విషయములివి. జంతుసంబోధనమున ధ్వన్యాజ్ఞలు, క్రియాజ్ఞలు అని రెండు తెరగులు కలవు. ధ్వన్యాజ్ఞలు భాషాకుటుంబముల హద్దులను దాటి మండలలక్షణములుగ కనబడుచున్నవి. వానినుండి ఉసికొలుపు, దుత్‌కార్‌నా వంటి క్రియలు పుట్టి భాషను సంపన్నము చేసినవి. క్రియాజ్ఞలందు రూపస్థిరత్వమే ప్రధానము. జర్మను, ఫ్రెంచి వాడుకలు నామావ్యయములను, విశేషణములను గ్రహించియు, జపాను వాడుక అరువుపదములను గ్రహించియు ఆ స్థిరత్వమును సాధించినవి. తెలుగువారు ఆంగ్లపదములను గ్రహించుట ఆ రెండవ మార్గమే.

కుక్కకు ఏ భాషయు మాతృభాష కాదు. దానికి కావలసినది మారని మాట. మాండలికవైవిధ్యమును, సంబంధానుసారముగ మారు విధిరూపములును తెలుగునకు లోపములు కావు. మనుష్యుడు మనుష్యునితో మాటాడుటలోని తారతమ్యములను చూపు సంపదలు. కుక్కతో మాటాడునప్పుడు ఆ సంపదను ప్రక్కకు నుంచవలసియున్నది. ఇంటివారందరు కూడి ఆరు మాటలను నిశ్చయించుకొని, వానిని ఏ ప్రత్యయమును చేర్పక పలికినచో, "సిట్" చేయు పనిని "కూర్చో" కూడ చేయగలదు.

చేయవలసిన పని మరియొకటి మిగిలియున్నది. పల్లెలలో ఎద్దులను, మేకలను, కోళ్లను, కుక్కలను పిలుచు ధ్వనులు, అదలించు ధ్వనులు ఇంకను వృద్ధుల నోళ్లలో నున్నవి. కాడి యెద్దులు తగ్గినకొలది వానితోడి మాటలును తగ్గుచున్నవి. వ్రాతలో వీనిని సరిగ చూపుటకు మన లిపి చాలదు. ధ్వనిముద్రణమే తగిన సాధనము. వృత్తిపదములను సేకరించినట్లే మాండలికపరిశోధకులు వీనిని కూడ సీమలవారీగ సేకరించినచో, తెలుగు ధ్వనిశాస్త్రమునకును, ద్రావిడార్యభాషల సంబంధచరిత్రకును అది విలువైన సామగ్రి కాగలదు.